ఇంట్లో చూశారా, హాల్లో చూశారా? ఈమధ్య చూసిన సినిమాల మీద మాటామంతీ

తెరచాటు:

ఈమధ్య ఇంట్లోనూ హాల్లోనూ చూసిన సినిమాల గురించి ఇక్కడ రాసుకుందాం. కథ బయటపెట్టకుండా, నచ్చిందీ నచ్చనిదీ కారణంతో సహా రాస్తే చాలు. ఒక్కటి మాత్రం తప్పకుండా చేర్చండి: ఏ తెర మీద చూశారు, సౌండ్ ఎక్కణ్ణుంచి వచ్చింది, గదిలో లైటు వెలుగుతోందా. "కెమెరా పని చీకటిగా ఉంది", "డైలాగులు వినపడలేదు", "సీరియల్‌లా ఉంది" అన్న మూడు మాటలూ నేరుగా దర్శకుడి మీదకే పోతాయి. చాలాసార్లు ఆ తప్పు టీవీ మెనూలోదో, ప్రొజెక్టర్ గదిలోదో అయి ఉంటుంది.

మొదట నేనే పెడతాను. రోమా (2018), ఇంట్లో, 55 అంగుళాల టీవీ, దాని స్పీకర్లే. అల్ఫోన్సో కువరాన్ దర్శకత్వం, కెమెరా కూడా ఆయనే, రెండింటికీ ఆస్కార్ వచ్చింది. 135 నిమిషాల నలుపు-తెలుపు సినిమా. కెమెరా ఒకచోట నిలబడి నెమ్మదిగా పక్కకి తిరుగుతూ ఇల్లంతా చూపిస్తుంది. ముఖం దగ్గరికి వెళ్ళే షాట్లు చాలా తక్కువ. ఎవరిని చూడాలో సినిమా చెప్పదు, మనమే వెతుక్కోవాలి. అందుకే నాకు అంత నచ్చింది. ఇబ్బందులు రెండు. కెమెరా తిరిగినప్పుడల్లా బొమ్మ గతుకుల రోడ్డు మీద బండిలా అదిరింది. మాటలు గది మూలల్లోంచి వస్తున్నట్టు పలచగా ఉన్నాయి. ఇవి సినిమావా, టీవీవా?

ఇరవైనాలుగు:

అదురు సంగతి నేను చెప్తాను, మాటల సంగతి సౌండుపెట్టె గారు చెప్తారు.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీకి వచ్చే సిగ్నల్ 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 బొమ్మలు అనుకోండి. అరవైని ఇరవైనాలుగుతో భాగిస్తే రెండున్నర. ఫ్రేముని రెండున్నర సార్లు చూపించడం కుదరదు కాబట్టి ఒకదాన్ని 3 సార్లు, పక్కదాన్ని 2 సార్లు చూపిస్తుంది. అంటే ఒక ఫ్రేము 50 మిల్లీసెకన్లు నిలబడితే తర్వాతిది 33 మాత్రమే. మనిషి పరుగెత్తే షాట్‌లో ఈ తేడా కంటికి ఆనదు. రోమాలోలా గోడలూ తలుపులూ మెల్లగా పక్కకి జరిగే షాట్‌లో నిలువు గీతలన్నీ కుంటుతాయి.

చేయాల్సింది ఇది. బయటి స్ట్రీమింగ్ బాక్సు వాడుతుంటే దాని డిస్‌ప్లే సెట్టింగుల్లో ఫ్రేమ్ రేట్ మ్యాచ్ చేసే ఎంపిక ఉంటుంది, చాలా బాక్సుల్లో మొదట్నుంచీ ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేయండి. సినిమా మొదలయ్యేటప్పుడు తెర ఒకట్రెండు సెకన్లు నల్లబడితే సిగ్నల్ 24కి మారిందని అర్థం. టీవీలో ఉన్న యాప్‌లోనే చూస్తుంటే ఎల్‌జీలో రియల్ సినిమా, సోనీలో సినీమోషన్ లాంటి పేర్లతో ఉన్న సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. టీవీ ప్యానెల్ 120 హెర్ట్జ్‌ది అయితే ప్రతి ఫ్రేమునీ సరిగ్గా 5 సార్లు చూపిస్తుంది, కుంటడం పోతుంది.

ఇక "సీరియల్‌లా ఉంది" అన్నదానికి కారణం దీనికి నేరుగా వ్యతిరేకం. టీవీ రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముని ఊహించి చేర్చేస్తుంది. శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అంటారు. సినిమా చూసేటప్పుడు అది ఉండకూడదు. ఎక్కడెక్కడో వెతక్కుండా 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదొక్కటి ఎంచుకోండి. ఫ్రేములు ఊహించడం, అంచులకు లేని పదును పెట్టడం, గ్రెయిన్ (ఫిల్ము మీది సన్నటి రేణువులు) తుడిచెయ్యడం, అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

మధ్యవరుస:

ఇరవైనాలుగు గారూ, ఒక్క సవరణ. ఓఎల్ఈడీ టీవీలో అన్నీ సున్నా చేసేస్తే 24 ఫ్రేములు సమానంగా వచ్చినా అదురు కనిపిస్తుంది. ఎల్‌సీడీ పిక్సెల్ మారడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఆ మసకలో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య అంచు కలిసిపోతుంది. ఓఎల్ఈడీ పిక్సెల్ తక్షణం మారి, తర్వాతి ఫ్రేము వచ్చేదాకా కదలకుండా నిలబడుతుంది. వెలుగు ఎక్కువున్న షాట్లలో ఇది మరీ తెలుస్తుంది. అలాంటి టీవీలో, అదే ఫ్రేములు ఊహించే సెట్టింగ్ కింద అదురు తగ్గించే డీ-జడర్ అన్నదాన్ని పదిలో 1 గానీ 2 గానీ ఉంచి, డీ-బ్లర్‌ని సున్నా చేయడం మేలు. ఆమాత్రానికి సీరియల్ రూపు రాదు. ముఖం పక్కనుంచి చెయ్యి కదిలినప్పుడు చెయ్యి చుట్టూ నీళ్ళలా వణికితే మాత్రం ఎక్కువైందని లెక్క.

కెమెరామన్లకి పాత సూత్రం ఒకటుంది: తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక వస్తువు చేరడానికి 7 సెకన్లయినా పట్టాలి. అంతకంటే వేగంగా తిప్పితే 24 ఫ్రేముల్లో ఎక్కడ చూసినా అదురుతుంది, హాల్లో కూడా. కాబట్టి అదిరిన ప్రతి షాటూ టీవీ తప్పు కాదు.

ఫ్రేములు పెంచడం వల్ల ఏమవుతుందో చూడాలంటే జెమినై మాన్ (2019) మంచి ఉదాహరణ. ఆంగ్ లీ దాన్ని 120 ఫ్రేములతో తీశారు. ఇంటికి వచ్చిన 4కె డిస్క్‌లో 60 ఉన్నాయి. పోరాటాలు ఒళ్ళు జలదరించేంత స్పష్టంగా ఉంటాయి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సన్నివేశాల్లో మాత్రం సెట్టు సెట్టులా, మేకప్ మేకప్‌లా కనిపిస్తుంది. అవతార్ రెండో భాగం (2022) ఇంకో దారి పట్టింది. కొన్ని షాట్లకి 48, మిగతావాటికి 24. నీళ్ళ అడుగున 48 బ్రహ్మాండం. అక్కణ్ణుంచి 24కి మారిన క్షణం మాత్రం ప్రొజెక్టర్ తడబడిందా అనిపిస్తుంది. ఇంటికి 24లోనే వచ్చింది కాబట్టి ఈ ఒక్క విషయంలో ఇంట్లో చూసినవాళ్ళకే నిలకడైన బొమ్మ దక్కింది.

సౌండుపెట్టె:

తెరచాటు గారి రెండో ప్రశ్న. మామూలుగా డైలాగు మధ్య స్పీకర్‌లోనే ఉంటుంది. రోమాలో అలా కాదు. డాల్బీ అట్మాస్‌లో (శబ్దాన్ని చుట్టూ, పైనా ఎక్కడైనా పెట్టగల పద్ధతి) మిక్స్ చేసినప్పుడు మనిషి ఫ్రేములో ఎక్కడుంటే మాటనీ అక్కడికే జరిపారు. కెమెరా తిరిగితే గొంతు కూడా తిరుగుతుంది, ఫ్రేము దాటిపోతే వెనక స్పీకర్లలోకి వెళ్తుంది. అన్ని దిక్కుల్లోనూ పరిచిన ఆ శబ్దాన్ని టీవీ కింద ఉన్న రెండు చిన్న స్పీకర్లలో కుదిస్తే పలచబడక ఏమవుతుంది? ఈ సినిమాకి ఇంకేమీ లేకపోయినా మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూడండి. టీవీ స్పీకర్ల కంటే ఎంతో నయం.

డైలాగు వినపడకపోవడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ వేదికలో అందరూ అడిగేది ఇదే.

సినిమాని మిక్స్ చేసే హాల్లో ఒక్కో ముందు స్పీకర్‌నీ 85 డెసిబెల్స్‌కి సరిచేసి పెడతారు. పైన ఇంకో 20 డెసిబెల్స్ ఖాళీ ఉంటుంది, పేలుళ్ళు 105 దాకా వెళ్ళొచ్చు. గుసగుసకీ పేలుడుకీ మధ్య ఉన్న ఆ దూరం హాలు నిశ్శబ్దంగా ఉంటుందన్న నమ్మకంతో పెట్టినది. ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటుంది, వీధి చప్పుడు ఉంటుంది. పేలుడుకి భయపడి వాల్యూమ్ తగ్గిస్తాం, గుసగుస ఫ్యాను కింద మునిగిపోతుంది. దాన్ని పట్టుకుందామని పెంచేలోపు పేలుడు వస్తుంది. సినిమా అయ్యేదాకా రిమోట్ చేతిలోనే.

రెండో కారణం డౌన్‌మిక్స్. యాప్ 5.1 (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ చేసిన శబ్దం) పంపితే, టీవీ దాన్ని రెండు స్పీకర్లకి కుదించేటప్పుడు మధ్య స్పీకర్‌ని 3 డెసిబెల్స్ తగ్గించి రెండు వైపులా కలుపుతుంది. అదే రెండు స్పీకర్లలోకి సంగీతం, వెనక శబ్దాలూ వచ్చి పడతాయి. గొంతుకి సొంత చోటు ఉండదు.

వరసగా ఇలా చేయండి. టీవీ స్పీకర్లే వాడుతుంటే యాప్‌లో ఆడియో భాషల జాబితా తెరిచి, అదే భాషలో స్టీరియో ట్రాక్ విడిగా ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే బాక్సు సౌండ్ అవుట్‌పుట్‌ని స్టీరియో లేదా పీసీఎమ్‌కి మార్చండి. సరౌండ్, వర్చువల్, త్రీడీ సౌండ్ లాంటివన్నీ ఆపేయండి, మాట మీద ప్రతిధ్వని పూసేది అవే. రాత్రిపూట నైట్ మోడ్ గానీ డైనమిక్ రేంజ్ కంప్రెషన్ గానీ ఆన్ చేస్తే గుసగుస పైకి, పేలుడు కిందికి వస్తాయి. పేలుడు పస తగ్గుతుంది, తప్పదు.

విడిగా మధ్య స్పీకర్ ఉన్నవాళ్ళు దాని స్థాయిని 2 నుంచి 3 డెసిబెల్స్ పెంచండి, అంతకు మించొద్దు. చాలామంది దాన్ని టీవీ స్టాండు అరలో లోపలికి తోసి పెడతారు. అర అంచుకి దాని ముఖం సమంగా ఉండాలి. కింద ఉంటే ముందు వైపు చిన్న చెక్క పెట్టి చెవి వైపుకి ఎత్తాలి. సబ్‌వూఫర్‌కి వెళ్ళే గీత, అంటే ఏ లోతు శబ్దం నుంచి దానికి పంపాలో చెప్పే క్రాసోవర్, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. 120 దాటితే మగ గొంతుల అడుగు భాగం సబ్‌వూఫర్‌లోకి పోయి, మాట ఒకచోట, దాని బరువు ఇంకోచోట వినిపిస్తుంది.

రీలుడబ్బా:

టెనెట్ (2020) మీద నా అభిప్రాయం: ఆలోచన గొప్పది, వినడం కష్టం. హాల్లోనూ ఇంట్లోనూ రెండు చోట్లా చూసి చెప్తున్నాను. ఇంట్లో పైన చెప్పినవన్నీ చేసినా ముసుగులు వేసుకుని మాట్లాడే చోట, పడవ మీద మాట్లాడే చోట సగం మాటలు అందలేదు. దీన్ని ఎవరి ఖాతాలో వేయాలి?

సౌండుపెట్టె:

దర్శకుడి ఖాతాలోనే. క్రిస్టఫర్ నోలన్ షూటింగ్‌లో పలికిన మాటనే వాడతారు. తర్వాత స్టూడియోలో మళ్ళీ చెప్పించడం ఆయనకి ఇష్టం ఉండదు. దాని మీద సంగీతాన్నీ శబ్దాలనీ గట్టిగా నిలబెడతారు. ఇంటర్‌స్టెల్లార్ (2014) అప్పుడూ ఇదే గొడవ వచ్చింది.

నా దృష్టిలో ఇంటర్‌స్టెల్లార్‌లో ఆ పద్ధతి నెగ్గింది, టెనెట్‌లో ఓడింది. రాకెట్ లేచేటప్పుడు మాట వినపడకపోయినా నష్టం లేదు, ఆ చప్పుడే అక్కడి భావం. టెనెట్‌లో కథ నియమాలన్నీ మాటల్లోనే చెప్తారు. ఆ మాటే పోతే ప్రేక్షకుడి చేతిలో ఏముంటుంది? దీనికి సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడటంలో తప్పేమీ లేదు.

తప్పు సినిమాదా, మన గదిదా అని తేల్చుకోవడానికి చిన్న పరీక్ష. అదే సన్నివేశాన్ని హెడ్‌ఫోన్లలో, స్టీరియో ట్రాక్‌లో వినండి. అక్కడ మాట స్పష్టంగా ఉంటే మన గది, స్పీకర్లే కారణం. అక్కడా లేకపోతే మిక్సింగ్.

కొత్తటీవీ:

హాల్లో సౌండ్ తక్కువగా ఉంటే ఎవరికి చెప్పాలండీ? చెప్తే మారుస్తారా?

సౌండుపెట్టె:

మారుస్తారు, ఎందుకంటే అది ఒక్క మీట పని. సినిమా సౌండ్ ప్రాసెసర్ మీద ఫేడర్ అనే ఆ మీటకి 0 నుంచి 10 దాకా అంకెలుంటాయి. మిక్సింగ్‌లో విన్న స్థాయి 7. ట్రైలర్లు గట్టిగా ఉన్నాయని ఎవరో అనగానే 5కి దించి, సినిమా మొదలయ్యాక మళ్ళీ పెంచడం మర్చిపోతారు. 4 నుంచి 10 మధ్యలో ఒక్కో అంకె దాదాపు 3.3 డెసిబెల్స్. 7 నుంచి 5కి దింపితే 6.7 డెసిబెల్స్ పోయినట్టు. గుసగుసలన్నీ అక్కడే పోతాయి. "సౌండ్ బాలేదు" అని కాకుండా "ఫేడర్ ఎంత మీద ఉంది, 6 దాకా పెంచగలరా" అని అడగండి.

మధ్యవరుస:

హాల్లో బొమ్మ చీకటిగా ఉన్నా ఇలాగే పట్టుకోవచ్చు. టూడీ సినిమాకి తెర మధ్యలో ఉండాల్సిన వెలుగు 14 ఫుట్‌లాంబర్ట్స్, అంటే టీవీల వెలుగు కొలిచే లెక్కలో 48 నిట్స్. టీవీ వెలుగుతో పోలిస్తే ఇది చాలా తక్కువ, చీకటి గదిలో కన్ను సర్దుకుంటుంది కాబట్టే సరిపోతుంది. ఇంతకంటే తగ్గిందంటే కారణాలు సాధారణంగా మూడు. ల్యాంపు ముసలిదై ఉంటుంది. ముందు ఆటలో త్రీడీ వేసి, ఆ ఫిల్టర్ తీయకుండా టూడీ నడుపుతుంటారు. లేదా ప్రొజెక్టర్ గది అద్దం తుడిచి చాలా రోజులై ఉంటుంది. రెండోది ఉంటే వెలుగు సగానికి పైగా పడిపోతుంది, అది తీస్తే అప్పటికప్పుడే బాగుపడుతుంది. ల్యాంపు సంగతి ఆ ఆటలో తేలదు.

మొదటి పది నిమిషాల్లోనే చెప్పాలి. పేర్లు పడేటప్పుడు అక్షరాల అంచులు చూడండి. మధ్యలో పదునుగా ఉండి మూలల్లో అలికినట్టుంటే ఫోకస్ కుదరలేదు. తెల్లటి అక్షరాలు పాలిపోయి బూడిదరంగులోకి దిగితే వెలుగు చాలట్లేదు.

కూర్చునే చోటు గురించి ఒక్క ముక్క. తెర నుంచి వెనక గోడ దాకా మూడు భాగాలు చేస్తే రెండు భాగాల దగ్గర, మధ్య సీట్లు. మిక్సింగ్ హాళ్ళలో సౌండ్ ఇంజినీర్ కూర్చునే బల్ల కూడా దాదాపు అక్కడే ఉంటుంది. పక్క గోడకి ఆనుకున్న సీట్లో కూర్చుని "సరౌండ్ గోల ఎక్కువ" అనడం న్యాయం కాదు, ఆ స్పీకర్ చెవి పక్కనే ఉంటుంది కదా.

నలుపుతెలుపు:

నల్ల పట్టీల గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు పట్టరాని కోపం తెప్పించేది రిమోట్ మీద ఉండే జూమ్ బటన్. తెర నిండలేదని అది నొక్కేస్తారు, సినిమా నాలుగో వంతు కోసి పారేస్తారు.

లెక్క చూడండి. ఎత్తు 1 అనుకుంటే టీవీ వెడల్పు 1.78, దాన్నే 1.78:1 అంటారు. స్కోప్ (బాగా వెడల్పాటి ఫ్రేము) సినిమా 2.39:1. స్కోప్ సినిమా టీవీలో సరిగ్గా కూర్చుంటే తెరలో దాదాపు 74 శాతం వాడుకుంటుంది, మిగతా 26 పైనా కిందా నల్ల పట్టీలు. వాటిని పోగొట్టాలంటే రెండు పక్కలా అంతే మేర కోసెయ్యాలి. తెలుగులో మొదటి స్కోప్ సినిమా అల్లూరి సీతారామరాజు (1974). కొండలూ జనమూ గుర్రాలూ వెడల్పంతా పరుచుకునేలా కూర్చిన ఫ్రేములు అవి. అలాంటిదాన్ని పక్కలు కోసి చూస్తే మనిషి మిగులుతాడు, మన్యం పోతుంది.

పట్టీలే కథ చెప్పే సినిమాలూ ఉన్నాయి. ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్ (2014)లో 1930లనాటి కథ 1.37:1లో, 1960లది వెడల్పాటి స్కోప్‌లో, ఆ తర్వాతి కాలానిది 1.85:1లో ఉంటాయి. ఫ్రేము ఆకారం చూసే ఏ కాలంలో ఉన్నామో తెలిసిపోతుంది. టీవీ ఆకారం సెట్టింగ్ ఆటో మీద ఉంటే కొన్ని టీవీలు మధ్యలో తామే జూమ్ మార్చేసి ఈ ఆటంతా చెడగొడతాయి. ఒరిజినల్ లేదా జస్ట్ స్కాన్ మీద పెట్టి వదిలేయండి.

ది లైట్‌హౌస్ (2019) ఇంకా ఇరుకు, 1.19:1. టీవీ వెడల్పులో మూడింట రెండొంతులే వాడుతుంది. ఇద్దరు మనుషులు, ఒక ఇరుకు గది, తలమీద కప్పు. ఆ ఇరుకే లేకపోతే వాళ్ళిద్దరికీ పిచ్చెక్కడం నమ్మలేం. ఈ సినిమా ఇంట్లో చూసినా ఏమీ తగ్గలేదని నా అభిప్రాయం, గది పూర్తిగా చీకటి చేస్తే. లైటు వెలుగుతుంటే పక్కన ఖాళీగా ఉన్న తెర బూడిదరంగులో మెరిసి కన్ను లాగేస్తుంది.

ఇంకొకటి. టీవీ తెలుపు సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి నలుపు-తెలుపు సినిమాని మించిన పరీక్ష లేదు. మాయాబజార్ (1957) నలుపు-తెలుపు ప్రతి పెట్టి, మార్కస్ బార్ట్లే తీసిన వెన్నెల దృశ్యాలు చూడండి. ఆకాశం నీలంగా, ముఖాలు చల్లబడ్డట్టు కనిపిస్తే కలర్ టెంపరేచర్ కూల్ మీద ఉందన్నమాట. వార్మ్ 2 గానీ వార్మ్ 50 గానీ పెట్టండి. మొదటి పావుగంట పసుపు కొట్టినట్టుంటుంది, తర్వాత కన్ను అలవాటు పడి అదే తెలుపు అనిపిస్తుంది. ఆ సినిమాకి 2010లో రంగులేసిన ప్రతీ వచ్చింది. దానిమీద పడ్డ శ్రమని గౌరవిస్తాను గానీ, బార్ట్లే వెలుగునీడలతో చెక్కిన బొమ్మని రంగు పైకి తేలనివ్వదు. కొత్తగా చూసేవాళ్ళకి నలుపు-తెలుపే చూపించండి.

రీలుడబ్బా:

ఆకారం విషయంలో ఓపెన్‌హైమర్ (2023) ఇంటి ప్రతి నయం. ఐమాక్స్ కెమెరాతో తీసిన భాగాలు టీవీ నిండా, మిగతావి 2.20:1లో. మారేటప్పుడు దృష్టి చెదరదు. డ్యూన్ (2021)కి అలా చేయలేదు. హాల్లో ఐమాక్స్ తెర మీద గంటకి పైగా నిలువు పెరిగి కనిపించిన సినిమా ఇంటికి మొత్తం 2.39:1లోనే వచ్చింది. ఇసుక మీద మనిషి చిన్నగా కనిపించాలన్నదే ఆ సినిమా లక్షణం, అందుకే ఇంట్లో చూసినవాళ్ళు "నెమ్మదిగా ఉంది" అంటే నాకు ఆశ్చర్యం లేదు.

కొత్తటీవీ:

హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడా ఎక్కువ చూపించే పద్ధతి) చూస్తే మామూలుకన్నా చీకటిగా ఉంటోంది. వెలుగు పెరగాలి కదా?

ఇరవైనాలుగు:

అందరూ పడే చిక్కే ఇది. మామూలు వీడియోలో టీవీ బొమ్మని తనకి ఇష్టమొచ్చినంత పైకి లేపగలదు. హెచ్‌డీఆర్‌లో ఏ చుక్క ఎన్ని నిట్స్ ఉండాలో సినిమాలోనే రాసి ఉంటుంది. చాలా సినిమాలని 1000 నిట్స్ చూపగల మానిటర్ల మీద గ్రేడింగ్ (వెలుగూ రంగులూ సరిదిద్దడం) చేస్తారు. 350 నిట్స్ టీవీ దాన్ని ఇరికించడానికి మొత్తాన్నీ కిందికి నొక్కుతుంది. పైగా ఆ గ్రేడింగ్ జరిగేది మసక వెలుగు గదిలో. పగటిపూట కిటికీ తెరిచి చూస్తే నీడలన్నీ గోడలో కలిసిపోతాయి.

చేయాల్సినవి: ముందుగా, హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగానే పిక్చర్ మెనూ తెరవాలి. మామూలు వీడియోకి, హెచ్‌డీఆర్‌కి, డాల్బీ విజన్ అనే ఇంకో రకం హెచ్‌డీఆర్‌కి టీవీ వేరువేరు సెట్టింగులు దాచుకుంటుంది. ఒకదానిలో మార్చినది ఇంకోదానికి వర్తించదు. బ్యాక్‌లైట్ పూర్తిగా పెంచండి, ఎనర్జీ సేవింగ్ ఆపండి. సన్నివేశాన్ని బట్టి వెలుగు సర్దే డైనమిక్ టోన్ మ్యాపింగ్ ఉంటే ఆన్ చేసి చూడండి. ఫిల్మ్‌మేకర్ మోడ్‌లో సాధారణంగా అది ఆఫ్‌లో ఉంటుంది. అప్పటికీ చాలకపోతే ఆ టీవీకి హెచ్‌డీఆర్ మోయలేని బరువు. బాక్సులో హెచ్‌డీఆర్ ఆపేసి మామూలు ప్రతిలోనే చూడండి, బొమ్మ బాగుంటుంది.

నీడలు పూర్తిగా నల్లని ముద్దలా ఉంటే ఇంకో అనుమానం. బాక్సు లిమిటెడ్ రేంజ్ (నలుపు 16, తెలుపు 235) పంపుతుంటే టీవీ కూడా అదే అనుకోవాలి. ఒకటి ఫుల్ (0 నుంచి 255), ఇంకోటి లిమిటెడ్ అయితే నలుపు మునిగిపోతుంది లేదా బూడిదగా తేలుతుంది. రెండు చోట్లా ఆటో పెట్టండి, కుదరకపోతే రెండు చోట్లా లిమిటెడ్.

బ్యారీ లిండన్ (1975) దీనికి మంచి పరీక్ష. కొవ్వొత్తుల వెలుగులోనే తీయడానికి కుబ్రిక్ నాసా కోసం తయారైన, అతి తక్కువ వెలుగు చాలే ఎఫ్/0.7 జైస్ లెన్స్ వాడారు. కొవ్వొత్తి మంట చుట్టూ నీడలోకి వెలుగు మెల్లగా కరిగిపోవాలి. అక్కడ మెట్లుమెట్లుగా గీతలు కనిపిస్తే డేటా చాలట్లేదు. హాల్లో ఆడే డిజిటల్ ప్రతి సెకనుకి 250 మెగాబిట్ల దాకా వాడుకోవచ్చు, 4కె డిస్క్ 100 దాటగలదు, స్ట్రీమింగ్ 4కె సాధారణంగా 15 నుంచి 25 మధ్య. పొగ, మంచు, మసక ఉన్న సన్నివేశాల్లోనే ఈ తేడా బయటపడుతుంది. యాప్‌లో డేటా సేవర్ ఆన్‌లో లేదని, కంప్యూటర్ బ్రౌజర్‌లో కాకుండా టీవీ యాప్‌లో చూస్తున్నామని నిర్ధారించుకోండి. బ్రౌజర్లలో 4కె చాలాసార్లు రాదు.

మధ్యవరుస:

ఇంట్లో చూడటానికి నా సిఫారసు 12 యాంగ్రీ మెన్ (1957). 96 నిమిషాలు, దాదాపు అంతా ఒకే గది. సిడ్నీ లుమెట్ మొదట్లో కెమెరాని కంటి మట్టానికి పైన పెట్టి, మధ్యలో కంటి మట్టానికి తెచ్చి, చివర్లో కిందికి దించారు. లెన్సులు కూడా పోనుపోను పొడవైనవి వాడారు. గోడలు దగ్గరికి జరిగినట్టూ, కప్పు కిందికి దిగినట్టూ అనిపిస్తుంది. రెండోసారి చూస్తూ ప్రతి ఇరవై నిమిషాలకీ ఆపి కప్పు ఎంత కనిపిస్తోందో గమనించండి. ఇది హాల్లో చేయలేని పని.

ప్లేటైమ్ (1967) మాత్రం పెద్ద తెర దొరికేదాకా ఆగండి. జాక్ టాటీ 70 ఎంఎంలో తీశారు, ముఖం దగ్గరికి వెళ్ళనే వెళ్ళరు. ఒకే ఫ్రేములో నాలుగు మూలలా నాలుగు తమాషాలు జరుగుతుంటాయి. చిన్న తెర మీద "ఏమీ జరగట్లేదు" అనిపిస్తుంది. లారెన్స్ ఆఫ్ అరేబియా (1962)లో ఎండమావిలోంచి ఒమర్ షరీఫ్ వచ్చే షాట్ కూడా అంతే. మొదట కనిపించేది వణికే చుక్క. ఆ చుక్కని ప్రేక్షకుడే ముందు కనిపెట్టాలి, అదే ఆ షాట్ బలం.

ఇంట్లోనే చూడక తప్పదంటే టీవీకి దగ్గరగా జరగండి. 55 అంగుళాలకి 1.7 నుంచి 2.25 మీటర్లు, 65కి 2 నుంచి 2.7 మీటర్లు. మంచి హాల్లో మధ్య వరసలో తెర కంటికి ఎంత ఆక్రమిస్తుందో, ఈ దూరాల్లో దగ్గరిదానికి దాదాపు అంత వస్తుంది. చాలామంది సోఫా గోడకి ఆనించి మూడున్నర మీటర్ల నుంచి చూస్తారు. అంత దూరంలో 4కె అయినా కాకపోయినా కంటికి ఒకటే.

తెరచాటు:

ఎ క్వయెట్ ప్లేస్ (2018) గురించి ఒక మాట. 90 నిమిషాలు, చప్పుడు చేస్తే ప్రాణం పోతుందన్న కథ. వినికిడి లేని అమ్మాయి వైపు నుంచి చూపించినప్పుడు సౌండ్ ఒక్కసారిగా ఆగిపోతుంది. నిండు హాల్లో అప్పుడు జనమంతా ఊపిరి బిగబడితే సినిమా రెట్టింపవుతుంది. ఒక్క ఫోను మోగితే కూలిపోతుంది. ఇంట్లో అంత ఎత్తూ ఉండదు, అంత పతనమూ ఉండదు. ఫ్యాను ఆపి, రాత్రి చూడమంటాను.

కొత్తటీవీ:

చివరిగా ఒక్కటండీ. సౌండ్‌బార్ పెట్టాక పెదాలకీ మాటకీ పొందిక కుదరట్లేదు.

సౌండుపెట్టె:

మాట ముందొస్తోందా, వెనకొస్తోందా అన్నది మొదట చూడండి. ముందొస్తే మనిషికి దాదాపు 45 మిల్లీసెకన్లకే తెలిసిపోతుంది, వెనకొస్తే 125 దాకా ఓర్చుకుంటాడు. ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ వెలుగు తర్వాతే వస్తుంది కదా, మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు. పెద్ద హాల్లో 30 మీటర్ల వెనక కూర్చున్నవాళ్ళకి మాట రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరినా పట్టించుకోరు.

సౌండ్‌బార్‌లో మాట ముందొచ్చేది టీవీ బొమ్మని సాగదీసి మెరుగుపెట్టడానికి సమయం తీసుకుంటున్నందువల్ల. ఫ్రేములు ఊహించే సెట్టింగ్ ఆపగానే సగం తేడా పోవచ్చు. మిగిలినదానికి సౌండ్‌బార్‌లో ఆడియో డిలే 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచుకుంటూ వెళ్ళండి. మాట వెనకొస్తుంటే డిలే సున్నా చేసి, టీవీ డిజిటల్ సౌండ్ అవుట్‌పుట్‌ని పాస్‌త్రూకి మార్చండి. బ్లూటూత్‌తో కలిపి ఉంటే అదే కారణం, హెచ్‌డీఎంఐ ఈఆర్క్ తీగ వాడండి.

సరిచూడటానికి డబ్బింగ్ సినిమా మాత్రం పెట్టొద్దు, అందులో పెదాలు ఎటూ కలవవు. షూటింగ్ భాషలోనే ఉన్న సినిమాలో ఎవరైనా తలుపు మూసే షాట్ గానీ, చప్పట్లు కొట్టే షాట్ గానీ పట్టుకుని, దాన్నే నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూడండి.